నొక్కితే తిరిగి ఉబ్బని ట్యూబు

పామిడి దగ్గర 44వ జాతీయ రహదారి పక్కన ఏ పంక్చరు అంగడి ముందు నిలబడినా ఒక చిన్న లోహపు ట్యూబు కనిపిస్తుంది. గరుకు కాగితంతో రుద్దిన సైకిలు ట్యూబు మీద సొల్యూషన్ పూసేది దాంతోనే. తోక నుంచి చుట్ట చుట్టుకుంటూ వచ్చి సగానికి కుదించుకుపోయి ఉంటుంది. మూత గట్టిగా బిగించి పక్కన పెడితే చాలా రోజుల తర్వాత తీసినా లోపల సొల్యూషన్ జిగటగానే ఉంటుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, పెట్రోలు జాతి ద్రావకంలో కరిగించిన రబ్బరు ఎండిపోకుండా నిలవడం మామూలు విషయం కాదు. అదే సొల్యూషన్‌ను పలుచని పాలిథీన్ గొట్టంలో పోస్తే ద్రావకం ఆ గోడలోకే ఇంకి, అవతలి వైపు నుంచి ఆవిరైపోతుంది. పాలిథీనూ ద్రావకమూ ఒకే హైడ్రోకార్బన్ కుటుంబానివి, అందుకే ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోతాయి. అల్యూమినియం గోడ మిల్లీమీటరులో పదోవంతు మందమే ఉన్నా, దానికి చిల్లి పడనంత వరకు ఆవిరిని దాటనివ్వదు.

ఇంత పనితనం ఉన్న పాత్ర ఇంత చవకగా ఎలా వస్తోంది? ఇంకా చవకగా చేయాలంటే ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు? అనంతపురం నేలలో పండే శెనక్కాయలను మెత్తటి ముద్దగా చేసి ఇలాంటి ట్యూబులో పెట్టవచ్చా? ఈ ప్రశ్నలన్నీ ఒకదానికొకటి ముడిపడినవే.

ఈ ట్యూబు పుట్టింది చిత్రకారుల కోసం. అంతకుముందు నూనె రంగులను పంది మూత్రాశయపు తిత్తుల్లో మూటకట్టి అమ్మేవారు. తిత్తికి సూదితో పొడిచి రంగు పిండుకుంటే ఆ కన్నం మళ్లీ సరిగా మూసుకునేది కాదు, మిగిలిన రంగు గట్టిపడిపోయేది. అమెరికా చిత్రకారుడు జాన్ గాఫ్ ర్యాండ్ 1841లో తగరంతో నొక్కుడు ట్యూబు చేసి పేటెంటు తీసుకున్నాడు. పళ్లపేస్టు ట్యూబులోకి చేరడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. కాల్గేట్ పేస్టు ట్యూబులో వచ్చింది 1896లో. తగరం ఖరీదైనది కాబట్టి చాలాకాలం సీసం కూడా వాడారు. చవక కోసం చేసిన ఆ పని ఎంత ప్రమాదకరమో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. తర్వాత అల్యూమినియం వచ్చి రెంటినీ పక్కకు నెట్టింది. 1961లో యూరీ గగారిన్ అంతరిక్షంలో భోజనం చేసింది కూడా అల్యూమినియం ట్యూబుల నుంచే. మన దేశంలో పళ్లపేస్టుకు 1980ల నుంచి ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం రేకు ఇరికించిన లామినేటెడ్ ట్యూబులు రావడం మొదలై, అచ్చమైన లోహపు ట్యూబు మందుల అంగడికీ, పంక్చరు అంగడికీ, ఎరాల్డైట్ లాంటి జిగురులకూ పరిమితమైంది.

లోహపు ట్యూబు అసలు గుణం ఒక్క మాటలో చెప్పొచ్చు: నొక్కితే నొక్కినట్టే ఉండిపోతుంది. దీని వెనక లెక్క చాలా సులువు. ఏ పదార్థమైనా కొంతమేరకు సాగి, వదిలేస్తే వెనక్కి వస్తుంది. ఆ హద్దు దాటితే ఇక రాదు. మెత్తబరిచిన అల్యూమినియానికి ఆ హద్దు దాదాపు 0.04 శాతం సాగుదల. ఇప్పుడు 0.1 మిల్లీమీటరు మందం గోడను 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచామనుకోండి. గోడ బయటి ముఖం సాగేది మందంలో సగాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది: 1 శాతం. అంటే హద్దుకు 25 రెట్లు. ఇక ఆ గోడ వెనక్కి రమ్మన్నా రాదు. అదే పాలిథీన్ గోడ అర మిల్లీమీటరు మందం ఉంటే ఆ వంపులో 5 శాతం సాగుతుంది. పాలిథీన్ హద్దు సుమారు 10 శాతం కాబట్టి అది వేలు తీయగానే మళ్లీ ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడల్లా మూతి లోంచి గాలిని లోపలికి పీలుస్తుంది.

గాలి లోపలికి పోతే ఏమవుతుందో లోపలున్న సరుకును బట్టి ఉంటుంది. పళ్లపేస్టుకు పెద్ద నష్టం లేదు, అందుకే అది ప్లాస్టిక్‌కు మారిపోగలిగింది. కంటి ఆయింట్‌మెంట్‌కు గాలితోపాటు దుమ్ము, సూక్ష్మజీవులు పోతాయి. నూనె ఎక్కువున్న ఆహారానికి ఆక్సిజనే శత్రువు.

ఖాళీ అయిన చర్మపు ఆయింట్‌మెంట్ ట్యూబును ఒకసారి కత్తెరతో పొడవునా కోసి, కడిగి చూడండి. లోపలి గోడ వెండిరంగులో ఉండదు, లేత బంగారు రంగులో మెరుస్తుంది. అది లక్క పూత, సాధారణంగా ఎపాక్సీ రెజిన్‌తో చేసి కాల్చింది. తోక మడతను విప్పితే అంచు వెంబడి సన్నని రబ్బరులాంటి పట్టీ దొరుకుతుంది. మడతలో చిక్కుకుని లీకును ఆపేది అదే. మూతి దగ్గర లోహపు పలుచటి పొర చిరిగిన అంచులు కనిపిస్తాయి. మూతను తిరగేసి దాని మొనతో పొడిచింది ఆ పొరనే. ట్యూబు ఒంట్లో ఎక్కడా అతుకు లేదన్నది మాత్రం జాగ్రత్తగా వెతికితే గానీ తెలియదు.

అతుకు లేకపోవడానికి కారణం దాన్ని చేసే తీరు. పది రూపాయల నాణెం కన్నా వెడల్పులో రవ్వంత చిన్నగా, మందంలో కొంచెం ఎక్కువగా ఉండే అల్యూమినియం బిళ్లను అచ్చులో పెట్టి ప్రెస్సు గుండు ఒక్క దెబ్బ కొడుతుంది. బిళ్లలో అల్యూమినియం 99.7 శాతం స్వచ్ఛంగా ఉంటుంది, జింక్ స్టియరేట్ లాంటి కందెన పూసి ఉంటుంది. దెబ్బకు లోహం కరగదు, చల్లగా ఉండగానే గుండుకూ అచ్చుకూ మధ్య సందులోంచి పైకి పాకి గొట్టమవుతుంది. కొంత భాగం కిందికి తన్నుకుని మూతి అవుతుంది. కన్నుమూసి తెరిచేలోపు ట్యూబు తయారు. అయితే ఆ దెబ్బకు లోహం బిరుసెక్కుతుంది, ఆ స్థితిలో వంచితే చిట్లుతుంది. అందుకే మూతికి మరలు తొలిచి, అంచు కత్తిరించి, 400 డిగ్రీలు దాటిన కొలిమిలోంచి పంపుతారు. బిరుసు పోయి మెత్తబడుతుంది, అంటిన కందెనా కాలిపోతుంది. పైన చెప్పిన 0.04 శాతం హద్దు వచ్చేది ఈ కాల్పుతోనే. తర్వాత లోపల లక్క చిమ్మి కాలుస్తారు, బయట రంగు వేసి అచ్చు కొడతారు, మూత బిగిస్తారు. తోక తెరిచే ఉంచి పంపుతారు. సరుకు నింపేవాళ్లు తోక నుంచి నింపి రెండు మూడు మడతలు పెట్టి నొక్కేస్తారు.

ఇప్పుడు చవక సంగతి. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మిల్లీమీటర్ల పొడవు, 0.1 మిల్లీమీటరు మందం ఉన్న గొట్టానికి పట్టే లోహం సుమారు 2 గ్రాములు. భుజం, మూతి కలుపుకుంటే మూడున్నర. అల్యూమినియం కిలో 250 రూపాయలనుకుంటే లోహం ఖరీదు 90 పైసల లోపే. గోడను ఇంకో పదిశాతం పలుచన చేస్తే మిగిలేది ఐదారు పైసలు. ఆ పైసల కోసం పలుచన చేసిన ట్యూబు లారీలో సొట్టలు పడుతుంది, మడతల దగ్గర చిల్లులు పడుతుంది. ఖర్చంతా ఉన్నది ప్రెస్సులో, కొలిమిలో, లక్కలో, రంగుల అచ్చులో, మూతలో. కాబట్టి చవకగా చేయదలచినవాళ్లు ముందు చూడాల్సినవి వేరు. తయారీదారుల దగ్గర అచ్చులు సిద్ధంగా ఉన్న కొలతనే ఎంచుకోవాలి. నాలుగు రంగుల బదులు ఒక్క రంగు అచ్చు వేయించాలి. అట్టపెట్టె మానేయాలి. లక్క మాత్రం తగ్గించరాదు.

లక్క ఎందుకంత ముఖ్యమో సత్తుగిన్నెలో చింతపండు పులుసు నిలవ ఉంచకూడదని తెలిసిన మన ఇళ్లకు వివరించనక్కర్లేదు. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే ఆక్సైడు పొర పులుపూ ఉప్పూ కలిస్తే నిలవదు. పూసే లక్క ఏ రకమో కూడా అడిగి తెలుసుకోవాలి. ఎపాక్సీల్లో వాడే బిస్‌ఫినాల్-ఏను ఆహారానికి తగిలే వస్తువుల్లో నిషేధిస్తూ ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అది లేని లక్కలు దొరుకుతున్నాయి.

ఇక శెనక్కాయ దగ్గరికి వద్దాం. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పీఠభూమిలో, ఉమ్మడి అనంతపురం జిల్లా ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుసెనగ వేసింది. పండిన కాయ చాలావరకు నూనె మిల్లుకే పోతుంది. గింజలో సగానికి దగ్గరగా నూనె, పాతిక శాతం దాకా మాంసకృత్తులు. వేయించి మెత్తగా రుబ్బితే అదే నూనెలో అదే జారి చక్కటి ముద్దవుతుంది. రుబ్బడం కష్టం కాదు, నిలవ ఉంచడమే కష్టం. రుబ్బినప్పుడు కణాల్లో దాగిన నూనె అంతా బయటపడి గాలికి ఎదురవుతుంది. అందులోని లినోలిక్ ఆమ్లం ఆక్సిజన్‌తో కలిసి పాత నూనె వాసన మొదలవుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ పాడవడం దాదాపు రెట్టింపు వేగంతో సాగుతుంది. పామిడి వేసవికి ఇది పెద్ద లెక్క. వెలుతురు దాన్ని ఇంకా తొందరపెడుతుంది. వెలుతురూ గాలీ రెండూ చొరని, పిండినకొద్దీ తనే కుంచించుకుపోయే లోహపు ట్యూబు ఈ సరుకుకు సరిగ్గా సరిపోతుంది.

ఇంకో లాభం ఉంది. గాజు సీసాలో శెనక్కాయ ముద్ద నిలవుంటే నూనె పైకి తేలి అడుగున గట్టి ముద్ద మిగులుతుంది. దాన్ని ఆపడానికి కంపెనీలు గట్టిపరిచిన కొవ్వు కొద్దిగా కలుపుతాయి. ట్యూబు అయితే వాడేముందు మూత తీయకుండానే రెండు వేళ్లతో పైకీ కిందికీ పిసకొచ్చు, తేలిన నూనె మళ్లీ కలిసిపోతుంది. అప్పుడు ఆ కొవ్వు కలపాల్సిన అవసరం ఉండదు. మూతి మాత్రం వెడల్పుగా ఉండాలి. గొట్టంలోంచి సెకనుకు పారే జిగట ద్రవపు పరిమాణం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది, అంటే కన్నం సగానికి తగ్గితే ప్రవాహం పదహారో వంతు అవుతుంది. శెనక్కాయ ముద్దది ఇంకా మొండితనం, కొంత ఒత్తిడి దాటేదాకా కదలనే కదలదు. మందుల ట్యూబు మూతితో ఇది నడవదు.

చిన్న ఊళ్లో నింపడానికి కూడా లోహమే అనువు. ప్లాస్టిక్ తోకను వేడితో అతకాలి. అతికేచోట నూనె మరక ఉంటే అతుకు పట్టదు, వేడి హెచ్చుతగ్గులైనా పట్టదు. లోహపు తోకను మడిచి నొక్కడానికి చేత్తో తిప్పే యంత్రం చాలు, కరెంటు పోయినా పని ఆగదు.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. 2025-26కు వేరుసెనగ కనీస మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. కాయలో 70 శాతం గింజ అనుకుంటే గింజ కిలో 104 రూపాయలు పడుతుంది. పైన చెప్పిన చిన్న ట్యూబులో 40 గ్రాముల ముద్ద, అంటే నాలుగు రూపాయల గింజ పడుతుంది. ఒక్క లోహం ఖరీదే అందులో ఐదో వంతు. 38 మిల్లీమీటర్ల వ్యాసం, 150 మిల్లీమీటర్ల పొడవుకు మారి, గోడ మందం 0.12కి పెంచినా లోహం ఎనిమిది గ్రాములు, రెండు రూపాయలు. లోపల 150 గ్రాములు, పదిహేను రూపాయల పైచిలుకు గింజ. లోహం వాటా 13 శాతానికి దిగుతుంది. చుట్టుకొలత పెరిగే వేగం కన్నా లోపలి చోటు పెరిగే వేగం ఎక్కువ కావడమే దీనికి కారణం. కాబట్టి శెనక్కాయకు బుల్లి ట్యూబు తగదు. ఒక్కసారికి తినేయాల్సినదైతే సాషేనే చవక. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకు ఇచ్చే ప్లంపీనట్ అనే శెనక్కాయ ముద్ద 92 గ్రాముల సాషేల్లో వచ్చేది అందుకే. రోజూ కొంచెం కొంచెంగా వాడే ఇంటికి ట్యూబు మేలు.

మన శెనక్కాయ పచ్చడి ఊరుబిండిని ట్యూబులో పెడదామా అని ఎవరికైనా తోస్తుంది. పెట్టకూడదు. ఊరుబిండిలో తడి ఉంటుంది. తడి ఉన్న, పులుపు చాలని ఆహారాన్ని గాలి చొరకుండా మూసి గది వేడిలో ఉంచితే గాలి లేనిచోటే పెరిగే బొటులిజం క్రిమికి అదే అదను. ఒట్టి వేయించిన గింజల ముద్దలో తేమ ఒకటి రెండు శాతమే కాబట్టి అందులో ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. కానీ చేరినవి చావకుండా ఉండగలవు. 2008-09లో అమెరికాలో సాల్మొనెల్లా చేరిన వేరుసెనగ ముద్ద తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, తొమ్మిదిమంది చనిపోయారు. రుబ్బే చోటికి ఎలుకా, బల్లీ, పచ్చి గింజల దుమ్మూ రాకూడదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ట్యూబు వల్ల తీరనిది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, మేతలో కలిపిన వేరుసెనగ పిండి దానికి కారణమని తేలింది. అలా బయటపడిందే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం. కాయ నిండే దశలో వాన మొహం చాటేస్తే మొక్క బలహీనపడి నేలలోని బూజు కాయలోకి చేరుతుంది. అనంతపురానికి ఆ కరువు కొత్త కాదు. త్వరగా కోతకొచ్చి బెట్టను తట్టుకునే ఐసీజీవీ 91114 లాంటి రకాలను మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ జిల్లా రైతుల పొలాల్లోకి తెచ్చింది. కాయ ఒలిచే యంత్రంలో గింజ విరగకుండా ముందుగా కాయల మీద నీళ్లు చల్లే అలవాటు మాత్రం బూజును పిలిచి పీట వేయడమే. వేయించడం వల్ల ఈ విషం పూర్తిగా పోదు. నేరుగా తినే వేరుసెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్ ఉండకూడదన్నది ఐరోపా హద్దు. తక్కువ ఖర్చుతో దీన్ని కొలిచే ఎలైజా పరీక్షను ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో రూపొందించారు.

శెనక్కాయ ముద్దతో వ్యాపారం మొదలుపెట్టాలనుకునే డ్వాక్రా సంఘాలకూ, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకూ నా మనవి ఇది. ట్యూబులు తయారుచేసే యంత్రాల జోలికి పోకండి, ఆ పెట్టుబడి మీది కాదు. ఖాళీ ట్యూబులు కొనుక్కోండి, నింపి మడిచే చిన్న యంత్రం చాలు. ముడుచుకుపోయిన, రంగు మారిన గింజలను ఏరేయండి, కాయకు నీళ్లు చల్లనివ్వకండి. ప్రతి విడత గింజకూ అఫ్లాటాక్సిన్ పరీక్ష చేయించండి. ఆ కాగితం చేతికొచ్చాకే ట్యూబులకు ఆర్డరు పెట్టండి.