పెయింట్ కింద ఏ చెక్క? అపోహలు – వాస్తవాలు

కప్‌బోర్డు తలుపులకు పీయూ (పాలీయురెథేన్), డ్యూకో లాంటి నున్నటి పెయింట్ వేయించాలనుకోగానే అందరూ షేడ్ కార్డు ముందేసుకుని కూర్చుంటారు. కానీ ఆ పెయింట్ నిలుస్తుందా, ఏడాది తిరక్కుండానే గీతలు పడుతుందా అన్నది చాలావరకు కింద ఉన్న బోర్డు తేలుస్తుంది. ఆ బోర్డు గురించి షాపుల్లోనూ ఇళ్లలోనూ వినిపించే మాటలు కొన్ని నిజం కావు.

అపోహ: ఖరీదైన కలప మీదే పెయింట్ బాగా వస్తుంది.
వాస్తవం: టేకు అందమంతా దాని రంగులో, చారల్లో ఉంది. పాలిష్ పెడితే పెట్టిన డబ్బు కంటికి కనిపిస్తుంది. పెయింట్ కింద దాచేస్తే ఆ అందం దండగే. పైగా టేకులో సహజంగా ఉండే నూనె కొన్ని పెయింట్లను సరిగా పట్టనివ్వదు, ఆరనివ్వదు. కొండపల్లి కళాకారులనే చూడండి, రంగుల బొమ్మలకు వాళ్లు ఎంచుకునేది తేలికగా, మెత్తగా ఉండే తెల్ల పొణికి చెక్క. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకులు కప్పి, సున్నం పూసి, ఆ పైన రంగులు దిద్దుతారు. రంగుకు కావాల్సింది సమంగా ఉండే పైభాగం. కలప ధరతో దానికి పని లేదు.

అపోహ: ఎండీఎఫ్ నాసిరకం, దేనికైనా ప్లైవుడ్డే మేలు.
వాస్తవం: బరువు మోసే అరలకు, స్క్రూలు గట్టిగా బిగించాల్సిన చోట ప్లైవుడ్డే మేలు. నున్నటి పెయింట్ సంగతి వేరు. ప్లైవుడ్ పైపొరను సాధారణంగా దుంగను తిప్పుతూ కత్తితో ఒలిచి తీస్తారు. ఒలిచేటప్పుడే అందులో కంటికి ఆనని బీటలు పడతాయి. వానాకాలం చెమ్మకు ఉబ్బి, ఎండాకాలం ముడుచుకుంటూ ఉంటే అవి విచ్చుకుని, పెయింట్ మీద నార వెంబడి వెంట్రుకల్లాంటి గీతలు తేలతాయి. ఎండీఎఫ్‌లో అలా ఒకే దిక్కుకు సాగే నార ఉండదు. చెక్కను పీచుగా విడగొట్టి, రెజిన్ కలిపి, వేడి మీద అదిమి చేస్తారు. తలుపులకు, అందులోనూ గాడులు తీసే డిజైన్లకు అది అనువైనది.

అపోహ: వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ కొంటే పెయింట్‌కూ ఢోకా లేదు.
వాస్తవం: భారతీయ ప్రమాణం (ఐఎస్) 710 కిందకు వచ్చే మెరైన్ ప్లైవుడ్ ముక్కలను 72 గంటలు, ఐఎస్ 303లోని బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకాన్ని 8 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్షిస్తారు. అందులో తేలేది పొరల మధ్య జిగురు పట్టు. పైపొర నునుపు గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. సింకు కింది కప్‌బోర్డు డబ్బాకు ప్లైవుడ్ మీద ఆ ఐఎస్ ముద్ర చూసి కొనండి. దాని తలుపుకు మామూలు ఎండీఎఫ్ కంటే చెమ్మను ఎక్కువ తట్టుకునే హెచ్‌డీహెచ్ఎంఆర్ బోర్డు నయం.

అపోహ: ఎండీఎఫ్ ముందే నున్నగా ఉంటుంది, ప్రైమర్ అక్కర్లేదు.
వాస్తవం: నునుపు పైకే. కోసిన అంచు మీద వేలు రాస్తే పీచు తగులుతుంది. అది మొదటి కోటును ఇట్టే పీల్చేస్తుంది. దాంతో తలుపు మధ్యలో మెరుపు, అంచు చుట్టూ వెలవెల. అంచుకు సీలర్ వేసి, ఆరాక సన్న ఎమరీతో రుద్ది, ఇంకో కోటు సీలర్ పట్టించి, అప్పుడు మొత్తానికి ప్రైమర్ కొట్టించాలి.

అపోహ: లప్పం దట్టంగా పెడితే ఏ బోర్డైనా ఒకటే.
వాస్తవం: లప్పం చిన్న గుంటలు పూడ్చడానికే. దట్టంగా పెడితే బోర్డు కదిలినప్పుడు పగిలి, పెయింట్‌తో సహా ఊడివస్తుంది. గోడలకు వాడే సిమెంటు పుట్టీ చెక్కకు అసలే పనికిరాదు.

అపోహ: కనిపించని వెనక వైపు పెయింట్ ఎందుకు?
వాస్తవం: ముందు మాత్రమే మూసేస్తే వెనక నుంచి చెమ్మ ఎక్కి తలుపు వంగుతుంది. వెనక రంగు మానేసినా మానేయండి గానీ, వెనకా ముందూ సీలర్ ఒకేలా పడాలి.

బోర్డు కొనేముందు దాన్ని వాలుగా నిలబెట్టి, పక్క నుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. అప్పుడు కనిపించిన ఎత్తుపల్లాలు గ్లాసీ పెయింట్‌లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, మ్యాట్‌లో కొంత మరుగున పడతాయి. షేడ్ కార్డు ఆ తర్వాత తెరవొచ్చు.