ఫిల్టర్ కాఫీ: ప్యాకెట్‌లో కాఫీ ఎంత, చికోరీ ఎంత? టిఫిన్ అవ్వగానే ఎందుకు తాగొద్దంటున్నారు?

పొద్దున్నే కాఫీ పడకపోతే తలనొప్పి. టిఫిన్ అయ్యాక ఇంకో కప్పు. సాయంత్రం ఇంటికి ఎవరైనా వస్తే వాళ్లతో పాటు మరోటి. తెలుగు ఇళ్లలో చాలామందికి రోజు ఇలాగే గడుస్తుంది. మా ఇంట్లోనూ అంతే.

పోయిన నెల మా అమ్మ బాగా నీరసంగా ఉంటోందని బ్లడ్ టెస్ట్ చేయించాం. హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. డాక్టర్ ఐరన్ ట్యాబ్లెట్లు రాస్తూ ఒక ప్రశ్న అడిగారు. “కాఫీ ఎప్పుడు తాగుతారమ్మా?”

“టిఫిన్ అవ్వగానే అండీ. అప్పుడే ట్యాబ్లెట్ కూడా వేసేసుకుంటా” అంది అమ్మ.

ఎన్ని కప్పులు అని అడక్కుండా ఎప్పుడు అని ఎందుకు అడిగారు? అక్కడ మొదలైన డౌట్ చివరికి మా వంటింట్లో కాఫీ డబ్బా దాకా వెళ్లింది. మనం రోజూ తాగే కాఫీలో అసలేముంది? గింజ ఎక్కడి నుంచి వస్తోంది? డికాషన్ సరిగ్గా ఎలా తీయాలి? ఏ టైమ్‌లో తాగాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

మీ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూశారా?

చాలా కాఫీ పొడి ప్యాకెట్ల మీద చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది. కాఫీ ఇంత శాతం, చికోరీ ఇంత శాతం అని. చికోరీ అంటే కాఫీ గింజ కాదు. అదో మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో ఎక్కువగా పండిస్తారు. అందులో కెఫీన్ ఉండదు.

మరి ఎందుకు కలుపుతారు? రెండు కారణాలు. ఒకటి, డికాషన్‌కి నల్లటి రంగు, చిక్కదనం, కాస్త చేదు వస్తాయి. పాలు ఎక్కువ పోసినా కాఫీ పల్చగా అనిపించదు. రెండోది ధర. కాఫీ కంటే చికోరీ చాలా చౌక.

ఇది కల్తీ అనుకోవద్దు. నిబంధనల ప్రకారమే కలుపుతారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూల్ ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. ఏది ఎంతుందో ప్యాకెట్ మీద రాయాలి. అంటే 49 శాతం వరకూ చికోరీ ఉన్నా చట్టప్రకారం తప్పు లేదు. కాకపోతే ఆ సంగతి మనకు తెలిసి కొనాలి కదా! మా ఇంట్లో ఏళ్ల తరబడి వాడుతున్న ప్యాకెట్ తిప్పి చూస్తే 60-40 అని ఉంది. “ఇన్నాళ్లూ కిలో పొడి అని కొన్నదాంట్లో కాఫీ 600 గ్రాములేనా!” అంది అమ్మ.

కాఫీ పొడి ఆడించి ఇచ్చే దుకాణాల్లో అయితే మనం అడిగినట్టు కలిపిస్తారు. 80-20, 70-30 అని చెప్పి తీసుకోవచ్చు. అసలు చికోరీ వద్దంటే ప్యూర్ కాఫీ అని అడగాలి.

ఇంట్లోనే చేసుకునే చిన్న టెస్ట్

ప్యూర్ అని చెప్పి అమ్మిన పొడి మీద అనుమానం ఉందా? ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన సింపుల్ పద్ధతి ఒకటి ఉంది. గాజు గ్లాసులో మామూలు నీళ్లు పోయండి. పైన ఒక టీస్పూన్ పొడి చల్లండి. కలపకండి.

కాఫీ పొడి కాసేపు పైనే తేలుతుంది. చికోరీ అయితే వెంటనే కిందికి దిగుతూ, వెనకాల గోధుమ రంగు చారలు వదులుతుంది. దీంతో చికోరీ ఉందా లేదా అన్నది తెలుస్తుంది. ఎంత శాతమో తెలియదు. ఇన్‌స్టంట్ కాఫీ ఎలాగూ నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి దానికి ఈ టెస్ట్ పనికిరాదు.

రేటు ఎందుకు పెరిగింది?

ఈ మధ్య కాఫీ పొడి రేటు చూసి షాకయ్యారా? కారణం మన ఊళ్లో లేదు. ప్రపంచంలో అరబికా ఎక్కువగా పండేది బ్రెజిల్‌లో. రోబస్టా ఎక్కువగా పండేది వియత్నాంలో. అక్కడ కరువు, పంట తగ్గడంతో 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ మార్కెట్‌లో అరబికా ధర పౌండుకి 4 డాలర్లు దాటి రికార్డు కొట్టింది. మన గింజల్లో ఎక్కువ భాగం ఎగుమతి అవుతాయి కాబట్టి బయట రేటు పెరిగితే ఇక్కడా పెరుగుతుంది. ఇలాంటప్పుడే ప్యాకెట్ మీద శాతం చూసి కొనడం ఇంకా ముఖ్యం. తక్కువ రేటుకి వచ్చే ప్యాకెట్‌లో చికోరీ ఎక్కువ ఉండొచ్చు.

అరకు గింజ నుంచి మన గ్లాసు దాకా

మన దేశంలో కాఫీ ఎక్కువగా పండేది కర్ణాటకలో. ఆ తర్వాత కేరళ, తమిళనాడు. నాలుగో పేరు మనది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి ఏజెన్సీలో గిరిజన రైతులు చిన్న చిన్న తోటల్లో అరబికా పండిస్తున్నారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు. ఒకే తోటలో రెండు పంటలు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ రైతుల దగ్గర గింజలు కొంటుంది.

అరబికా, రోబస్టా మధ్య తేడా ఏంటంటే.. అరబికాకి సువాసన ఎక్కువ, చేదు తక్కువ. రోబస్టా ఘాటుగా, చేదుగా ఉంటుంది. దాంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు. అందుకే రెండూ కలిపి అమ్మేవాళ్లు ఎక్కువ.

ఒక చిన్న లెక్క చూడండి. దాదాపు 6 కిలోల ఎర్రటి పండ్లు కోసి, తొక్క తీసి, కడిగి, ఎండబెడితే 1 కిలో పచ్చి గింజలు వస్తాయి. వేయిస్తే అందులో 15 నుంచి 20 శాతం బరువు తగ్గుతుంది. మిగిలేది 800 గ్రాముల పైచిలుకు. కప్పుకి 10 గ్రాముల పొడి వేసుకున్నా 80 కప్పులే. అంటే మనం తాగే ఒక్కో కప్పు వెనక 70 గ్రాములకు పైగా పండ్లు ఉన్నాయి. పండ్లన్నీ ఒకేసారి పండవు. పండినవి మాత్రమే చేత్తో ఏరుతూ, అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి.

వేయించడంలోనే అసలు రుచి

పచ్చి కాఫీ గింజ వాసన చూస్తే అందులో కాఫీ వాసనే ఉండదు. ఆ రుచి, ఆ వాసన వేయించినప్పుడే పుడతాయి. వేడికి గింజలోని తేమ పోతుంది. చక్కెరలు, ప్రొటీన్లు కలిసి రంగు మారతాయి. దాదాపు 200 డిగ్రీల దగ్గర గింజలు పేలాల్లాగా చిటపటలాడతాయి.

పచ్చి గింజలు దొరికితే ఇంట్లోనూ ట్రై చేయొచ్చు. మందపాటి ఇనప బాణలిలో 100 గ్రాములు వేసి, మీడియం మంట మీద ఆపకుండా కలుపుతూ ఉండాలి. ముందు పసుపు రంగుకి వస్తాయి. పది నిమిషాల అటూ ఇటూగా చిటపట మొదలవుతుంది. ఆ శబ్దం తగ్గాక స్టవ్ ఆపేస్తే మీడియం రోస్ట్. ఇంకా ఉంచితే నల్లబడి నూనె బయటికొస్తుంది. పొగ బాగా వస్తుంది కాబట్టి కిటికీలు తీసి పెట్టండి. వెంటనే చేటలో పోసి చెరిగితే గింజలు చల్లారతాయి, పొట్టూ పోతుంది. ఒక రోజు ఆగి పొడి చేసుకుంటే రుచి బాగుంటుంది.

ఇక్కడ చాలామందికి ఉన్న అపోహ ఒకటి. నల్లగా, చేదుగా ఉంటే కెఫీన్ ఎక్కువ అనుకుంటారు. నిజానికి వేయించడం వల్ల కెఫీన్‌లో పెద్ద తేడా రాదు. ఏ రకం గింజ, ఎంత పొడి వేశారు అన్నదే లెక్క.

పొడి చేసిన క్షణం నుంచి వాసన పోవడం మొదలవుతుంది. అందుకే కిలోల్లో కొనొద్దు. 100, 200 గ్రాములు ఆడించుకుని, గాలి చొరని డబ్బాలో పెట్టుకుంటే చాలు. తడి స్పూన్ అస్సలు పెట్టకండి.

డికాషన్ సరిగ్గా దిగాలంటే?

ఇద్దరు ముగ్గురికి సరిపడా కొలత ఇది.

ముందు ఫిల్టర్ పొడిగా ఉందో లేదో చూసుకోండి. పై గిన్నెలో 20 గ్రాముల పొడి వేయండి. అంటే మూడు పెద్ద స్పూన్లు. పొడిని సమంగా సర్ది, పైన గొడుగులాంటి బిళ్లను మెల్లగా పెట్టండి. గట్టిగా అదమొద్దు.

నీళ్లు మరిగాక స్టవ్ ఆపి, అర నిమిషం ఆగి, 150 మిల్లీలీటర్లు మెల్లగా పోయండి. మూత పెట్టి 15 నుంచి 20 నిమిషాలు వదిలేయండి. కొన్ని నీళ్లు పొడే పీల్చుకుంటుంది కాబట్టి కిందికి 110 మిల్లీలీటర్ల దాకా చిక్కటి డికాషన్ దిగుతుంది. ఒక వంతు డికాషన్‌కి రెండు మూడు వంతుల మరిగిన పాలు సరిపోతాయి.

డికాషన్ దిగడం లేదా? పొడి మరీ మెత్తగా ఉండొచ్చు, లేదా ఎక్కువ అదిమి ఉండొచ్చు. గాలి చిక్కుకున్నా ఆగిపోతుంది. పై గిన్నెను కొంచెం ఎత్తి మళ్లీ పెట్టి చూడండి. మరీ త్వరగా, పల్చగా దిగిపోతే పొడి బరకగా ఉందని అర్థం.

చల్లారిన డికాషన్‌ని స్టవ్ మీద పెట్టి మరిగించొద్దు. చేదు తేలుతుంది. వేడి నీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చచేసుకోండి. లేదా పాలు బాగా వేడిగా ఉంటే చాలు.

ఇక అసలు ప్రశ్న: ఎప్పుడు తాగాలి?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థతో కలిసి ఐసీఎంఆర్ 2024 మే నెలలో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో టీ, కాఫీ గురించి క్లియర్‌గా చెప్పింది. భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత వరకూ తాగొద్దు. ఎందుకంటే వాటిలోని టానిన్ల లాంటి పదార్థాలు మనం తిన్న ఐరన్‌ని పట్టుకుని, ఒంటికి పట్టకుండా చేస్తాయి.

ముఖ్యంగా ఆకుకూరలు, పప్పులు, ధాన్యాల నుంచి వచ్చే ఐరన్ మీద ఈ ప్రభావం ఎక్కువ. మన భోజనంలో ఐరన్ ఎక్కువగా వచ్చేది వాటి నుంచే. తోటకూర పప్పు తిని, చెయ్యి కడుక్కుని, వెంటనే కాఫీ తాగితే ఆ తోటకూరలోని ఐరన్‌లో కొంత వృథా అయినట్టే. ఐరన్ ట్యాబ్లెట్‌కీ అదే వర్తిస్తుంది. డాక్టర్ మా అమ్మను ఎప్పుడు అని అడిగింది ఇందుకే.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైనే. దీనికి కాఫీ ఒక్కటే కారణం అని చెప్పలేం. తినే తిండి, నెలసరి, కాన్పులు ఇలా చాలా ఉన్నాయి. కానీ పైసా ఖర్చు లేకుండా మార్చుకోగలిగింది మాత్రం కాఫీ టైమే.

ఎన్ని కప్పులు అన్నదానికీ లెక్క ఉంది. రోజుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. 150 మిల్లీలీటర్ల బ్రూ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందట. మన గ్లాసులో పాలే ఎక్కువ కాబట్టి కొంత తగ్గొచ్చు. స్ట్రాంగ్‌గా తాగేవాళ్లు మాత్రం రెండు మూడు కప్పుల దగ్గర ఆగడం మంచిది. గర్భిణులు డాక్టర్‌ని అడిగే తాగాలి.

నిద్ర పట్టనివాళ్లకి ఇంకో మాట. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కి తాగితే రాత్రి 11కి కూడా సగం ఇంకా లోపలే ఉంటుంది.

మా ఇంట్లో ఏం మారింది?

కాఫీ మానలేదు. మానమంటే అమ్మ ఒప్పుకోదు కూడా. పొద్దున 6కి లేవగానే మొదటి కప్పు. టిఫిన్ 8:30కి, దాంతో కాఫీ లేదు. సాయంత్రం 4:30కి రెండోది. ట్యాబ్లెట్ డాక్టర్ చెప్పిన టైమ్‌కి, నీళ్లతోనే. మధ్యాహ్నం పప్పులోకి నిమ్మకాయ పిండుతోంది, విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా పడుతుందని. పొడి కూడా 80-20కి మార్చాం. రేటు ఎక్కువే, కానీ ముందు వేసేంత పొడి ఇప్పుడు అక్కర్లేదు.

మొదటి వారం టిఫిన్ అవ్వగానే వంటింట్లోకి వెళ్లి, ఫిల్టర్ వైపు చూసి వచ్చేసేది. ఇప్పుడు అలవాటైంది. మూడు నెలల తర్వాత మళ్లీ టెస్ట్ చేయించమన్నారు. ఆ రిపోర్ట్ ఇంకా రావాలి.

మీ ఇంట్లోనూ ఎవరైనా నీరసం అంటుంటే ముందు టెస్ట్ చేయించండి, డాక్టర్‌ని కలవండి. ఈలోపు రెండు పనులు ఈరోజే చేయొచ్చు. కాఫీ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. అమ్మ కాఫీ ఎప్పుడు తాగుతోందో అడగండి.