పాలిమర్ లోహ హైడ్రైడ్లు: బంధ స్వరూప వివేచన

వ్యాససంగ్రహం:
హైడ్రోజన్ లోహంతో కలిసి ఏర్పరచే సమ్మేళనం లోహ హైడ్రైడ్. బెరిలియం, మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రైడ్లు ఘనస్థితిలో విడి అణువులుగా కాక, ఎడతెగని అల్లికలుగా ఉంటాయి. ఈ అల్లికకు మూలమైన బంధ స్వరూపాన్ని వివరించడం, హైడ్రోజన్ నిల్వలో వీటి ఉపయోగాన్ని, పరిమితులను పరిశీలించడం, "పాలిమర్" అనే పారిభాషిక పదం ఇక్కడ ఏ అర్థంలో వర్తిస్తుందో నిరూపించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: హైడ్రైడ్, పాలిమర్, వారధి బంధం, ఎలక్ట్రాన్ కొరత, హైడ్రోజన్ నిల్వ.

1. ఉపోద్ఘాతం:
హైడ్రైడ్లను స్థూలంగా మూడు వర్గాలుగా విభజించడం పరిపాటి. సోడియం, కాల్షియం వంటి లోహాల హైడ్రైడ్లు అయానికమైనవి. మీథేన్, అమ్మోనియా వంటివి సమయోజనీయమైనవి. పల్లాడియం వంటి లోహాలలో హైడ్రోజన్ స్ఫటికపు ఖాళీలలో ఇముడుతుంది. అయితే ఈ మూడింటిలో దేనిలోనూ పూర్తిగా ఒదగని హైడ్రైడ్లు కొన్ని ఉన్నాయి. అవే పాలిమర్ హైడ్రైడ్లు.

2. వారధి బంధం:
సాధారణ సమయోజనీయ బంధంలో రెండు ఎలక్ట్రాన్లు రెండు పరమాణువులను కలుపుతాయి. బెరిలియం బాహ్య కర్పరంలో రెండే ఎలక్ట్రాన్లు ఉన్నాయి. అది రెండు హైడ్రోజన్‌లతో బంధం ఏర్పరచుకున్నా, దాని చుట్టూ చేరేవి నాలుగు ఎలక్ట్రాన్లే, అష్టకం నిండదు. ఈ కొరత తీరే మార్గం హైడ్రోజన్‌ను పంచుకోవడం. ఒక్కొక్క హైడ్రోజన్ రెండు లోహ పరమాణువుల నడుమ వారధిగా నిలుస్తుంది. అప్పుడు రెండు ఎలక్ట్రాన్లే మూడు పరమాణువులను కలిపి ఉంచుతాయి. దీనినే త్రికేంద్ర ద్విఎలక్ట్రాన్ బంధం అంటారు.

డైబోరేన్ అణువులో ఇటువంటి వారధి నిర్మాణాన్ని లాంగెట్-హిగ్గిన్స్, బెల్ 1943లో సమర్థించారు. అక్కడ రెండు బోరాన్‌ల మధ్యనే ఆగిన వారధి, పాలిమర్ హైడ్రైడ్లలో అన్ని దిశలకూ విస్తరిస్తుంది.

3. మూడు హైడ్రైడ్లు:
బెరిలియం హైడ్రైడ్‌ను పొడవైన గొలుసుగా చిత్రించడం పాఠ్యగ్రంథాలలో తరచు కనిపిస్తుంది. కాని 1988లో వెలువడిన స్ఫటిక పరిశోధన అది త్రిమితీయ అల్లిక అని తేల్చింది. ప్రతి బెరిలియం చుట్టూ నాలుగు హైడ్రోజన్‌లు చతుర్ముఖి ఆకృతిలో ఉంటాయి. ఆ చతుర్ముఖులు మూలల వద్ద కలుస్తాయి. ఒక్కొక్క బెరిలియానికి రెండు హైడ్రోజన్‌ల చొప్పున లభించే ఎలక్ట్రాన్లు నాలుగు. రెండు వారధులకు కావలసినవీ నాలుగే. లెక్క సరిపోతుంది.

ఆల్ఫా రూపంలోని అల్యూమినియం హైడ్రైడ్‌లో ప్రతి అల్యూమినియం చుట్టూ ఆరు హైడ్రోజన్‌లు అష్టముఖి ఆకృతిలో అమరుతాయి. ప్రతి హైడ్రోజన్ రెండు అల్యూమినియంలకు వారధి.

మెగ్నీషియం హైడ్రైడ్‌ది రూటైల్ నిర్మాణం. ఇందులో మెగ్నీషియానికి ఆరు హైడ్రోజన్‌లు, హైడ్రోజన్‌కు మూడు మెగ్నీషియంలు పొరుగున ఉంటాయి. దీనిలో అయానిక స్వభావం అధికం. కనుక దీనిని పాలిమర్, అయానిక వర్గాల సరిహద్దులో ఉన్నదిగా గ్రహించడం సమంజసం.

4. హైడ్రోజన్ నిల్వ:
మెగ్నీషియం హైడ్రైడ్ బరువులో 7.6 శాతం, అల్యూమినియం హైడ్రైడ్ బరువులో 10.1 శాతం హైడ్రోజనే. అందువల్ల ఇంధన నిల్వ పరిశోధనలో ఇవి ప్రాధాన్యం పొందాయి. మెగ్నీషియం హైడ్రైడ్ స్థిరమైనది. సాధారణ పీడనం వద్ద హైడ్రోజన్‌ను విడుదల చేయాలంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అల్యూమినియం హైడ్రైడ్ అంతకన్నా చాలా తక్కువ వేడికే హైడ్రోజన్‌ను విడుస్తుంది. కాని మిగిలిన లోహాన్ని నేరుగా తిరిగి హైడ్రైడ్‌గా మార్చడానికి వేల వాతావరణాల పీడనం అవసరం. ఒకదానికి విడుదల కష్టం, మరొకదానికి పునరుత్పత్తి కష్టం. బెరిలియం హైడ్రైడ్‌లో హైడ్రోజన్ 18 శాతానికి పైగా ఉన్నా, బెరిలియం విషస్వభావం దాని వినియోగానికి ప్రధాన ప్రతిబంధకం.

5. ముగింపు:
"పాలిమర్" అనగానే ప్లాస్టిక్, దారం వంటివి స్ఫురిస్తాయి. పాలిథీన్‌లో పొడవైన గొలుసు అణువులను విడిగా గుర్తించవచ్చు. ఈ హైడ్రైడ్లలో అటువంటి విడి అణువు లేదు. స్ఫటికమంతా ఒకే అల్లిక. రసాయన సూత్రం ఇక్కడ అణువును కాక, లోహ హైడ్రోజన్‌ల నిష్పత్తిని మాత్రమే తెలుపుతుంది. ఈ భేదాన్ని చెప్పకుండా పదాన్ని మాత్రమే అందిస్తే విద్యార్థి మనసులో గొలుసు చిత్రమే నిలిచిపోతుంది. "వారధి", "అల్లిక" అనే వాడుక పదాలు ఈ నిర్మాణాన్ని స్పష్టంగా స్ఫురింపజేస్తాయి. పారిభాషిక పదంతో పాటు వీటిని బోధనలో వినియోగించడం ఎంతైనా అవసరం.