గిడ్డంగులచెంత వేగు చూచువారు



కన్నము వేయదలచిన దొంగ ముందుగా పగటివేళ ఇల్లు చూచిపోవుట మీరెరిగినదే. కుక్క యెచట పండునో, దొడ్డిగోడ యెచట కూలినదో తెలియనిదే వాడు రాత్రి రాడు. కార్ఖానాలపై దాడి చేయువారి తెరగును ఇట్టిదే.

ఇది దూరదేశపు మాట కాదు. 2001 అక్టోబరులో మన గుంటూరు సీమయందే, మంగళగిరి చెంతనున్న ఆత్మకూరులోని కోకాకోలా కార్ఖానాపై నక్సలైట్లు ప్రేలుడు పదార్థములతో దాడి చేసిరి. 2008 నవంబరు 26న మొదలైన బొంబాయి దాడిలో 166 మంది మరణించిరి. దానికి ముందు రెండేండ్లపాటు డేవిడ్ హెడ్లీ యనువాడు ఆ నగరమున ఒక కార్యాలయము తెరచి, ఆ నెపమున పలుమారులు వచ్చి, హోటళ్లను, పడవలు దిగదగిన తావులను చిత్రములు తీసికొనిపోయెను. ఈ నేరమును అతడు 2010లో అమెరికా న్యాయస్థానమున అంగీకరించెను. దాడి కొలదిదినముల పని; దాని సన్నాహము ఏండ్ల పని. పట్టుకొనదగిన కాలము ఆ సన్నాహకాలమే.

మనకేల ఈ చింత యందురా? సత్తెనపల్లి సీమ ప్రత్తి జిన్నింగు మిల్లులలోను, మిరప శీతల గిడ్డంగులలోను ఉండును. ప్రత్తికి నిప్పురవ్వ చాలును. గిడ్డంగులలో పెక్కింట చల్లదనమునకై వాడు అమ్మోనియా వెలువడినచో కన్నులను, ఊపిరితిత్తులను దహించును. గాలివాలునగల పల్లెకు ముప్పు.

గమనింపదగిన గురుతులివి. పనిలేక ఒకే మనిషియో, ఒకే బండియో పలుదినములు అదే వేళకు గేటుచెంత నిలుచుట. కావలివారు ఎందరు, ఎప్పుడు మారుదురు, అమ్మోనియా యంత్రమెచట, తాళములెవరివద్ద అని ఆరా తీయుట. గోడను, కెమెరాలను ఫోటోలు తీయుట. దారితప్పితినని లోపలికి వచ్చి, ఎవరు అడ్డగింతురో చూచుట. సంచి విడిచియో, లేనిపోని ప్రమాదవార్త పుట్టించియో, ఎంతసేపటికి ఎవరు వత్తురో దూరమునుండి లెక్కించుట. ఈ కడపటివి దాడికి ముందు చేయు అభ్యాసములు కావచ్చును. ఉద్యోగి గుర్తింపుకార్డు పోయినను ఉపేక్షింపరాదు.

అయితే ఒక్క హెచ్చరిక. మిరపకోతకు పొరుగుసీమల కూలీలు వత్తురు, బేరగాండ్రును వత్తురు. భాషను, మతమును, వేషమును బట్టి ఎవరిని శంకింపరాదు. చేష్టనే చూడవలయును. ఒక్క గురుతు కనబడినంతనే దోషి యనరాదు.

అనుమానము కలిగినచో ఎదిరింపవలదు, చేయిచేసికొనవలదు, విడిచిన సంచిని తాకవలదు. తేదీ, వేళ, బండినంబరు, చూచిన చేష్ట కాగితముపై వ్రాసి, గిడ్డంగి మేనేజరునకును, పోలీసువారికిని తెలుపుడు. అత్యవసరమైనచో 112 నంబరునకు ఫోను చేయుడు. అనుమానము వట్టిదైనచో మనకు పోవునది కొంత కాలమే. నిజమైనచో దక్కునది ఏడాది కష్టము, ఊరివారి ప్రాణములు.