సిమెంటు బలము - కలుపు నేర్పు

కృష్ణా మూసీ సంగమస్థానమగు వాడపల్లి చుట్టును, 2016లో సూర్యాపేట జిల్లాలో చేరిన మట్టంపల్లి, మేళ్లచెరువు ప్రాంతములందును సున్నపురాయి సమృద్ధిగా నున్నది. ఆ రాయి కాలి సిమెంటుగా మారి దూరదేశములకు బోవుచున్నది. దేశమున పెక్కు ఆనకట్టలకు తట్ట మోసిన చేతులు పాలమూరు కూలీలవి. రాయి మనది, రెక్కల కష్టము మనది. ఆ రాతిని మేలైన వస్తువుగా మార్చు విద్య మాత్రము పరుల సొత్తు కావలసినదేనా?

సిమెంటు కట్టడమునకు పుట్టుకతోనే యొక లోపము గలదు. మీద బడు బరువును అది చక్కగా మోయును. పట్టి లాగినచో నిలువజాలదు. లాగుడుకు ఓర్చు శక్తి, బరువు నోర్చు శక్తిలో ఇంచుమించు పదియవ వంతు మాత్రమే. అందుచేతనే ఇనుపచువ్వలు వేయుచున్నాము. కాని చువ్వ పెద్ద పగులును పట్టి నిలుపునే గాని, కంటికి గానరాని బీటల నాపజాలదు. ఆ సన్నని బీటలే పెరిగి నీటికి దారి యిచ్చును. నీరు సోకి చువ్వ త్రుప్పుపట్టును.

1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఈజిమా కర్బన నానో నాళములను గూర్చి ప్రకటించిన పిమ్మట లోకదృష్టి వానిపై బడినది. నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఒకటి మొదలు కొన్ని పదుల నానోమీటర్ల వ్యాసము గల యీ నాళములు లాగుడుకు ఓర్చుటలో ఉక్కును పెక్కు రెట్లు మించును. సిమెంటులో చేరి, పుట్టబోవు బీట రెండంచులను కుట్టుదారమువలె పట్టి యుంచును. నూరుపాళ్ల సిమెంటునకు అరపాలు మించని మోతాదులతోనే చాల ప్రయోగములు జరిగినవి.

చిక్కంతయు కలుపుటలో నున్నది. నాళములు ఒండొంటిని ఆకర్షించుకొని ఉండలు కట్టును. కాగు నీటిలో జొన్నపిండిని ఒక్కుమ్మడి వేసినచో నిట్లే యగును గదా! ఉండ కట్టిన చోట బలము చేరకపోగా, అదియే క్రొత్త లోపమగును. మన పెద్దలు గోడమట్టిలో గడ్డి వేసి, పోచపోచకు మట్టి యంటువరకు త్రొక్కించెడివారు. గడ్డిని మోపుగనే గోడలో పెట్టిన గృహస్థు డెవడైన నున్నాడా?

నేడు ఆ త్రొక్కుడు పనిని ప్రయోగశాలలలో ధ్వని చేయుచున్నది. నాళములను, వానిని ఎడబాపు రసాయనమును నీటిలో గలిపి, చెవికి వినరాని అతిధ్వని తరంగములను పంపుదురు. ఆ నీటితో సిమెంటు కలుపుదురు. ఇందును మితము వలయును. తరంగములు మితిమీరినచో నాళములే తెగి పొట్టివగును. రసాయనము తగనిదైనచో నురుగు పుట్టి గాలిబుడగలు నిలిచిపోవును. లేదా సిమెంటు గట్టిపడుట ఆలస్యమగును. గాజుపాత్రలో కుదిరిన కలయికను పెద్ద కట్టడమునకు వలయు రాశిలో సాధించుట మఱింత కష్టము.

కావున సంచిపై "నానో" యను పేరు జూచి మోసపోరాదు. నాళ మెంత యున్నదని గాక, ఎట్లు కలసినదని యడుగవలెను. 2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, 2008లో మహబూబ్‌నగరమందు పాలమూరు విశ్వవిద్యాలయము వెలసినవి. మన రాతి సిమెంటును, మన నీటితో, మన యెండలో పరీక్షించు పని ఇచ్చటనే సాగవలెను. సిమెంటు కర్మాగారములు అందుకు ధన మీయవలెను. పాలమూరు కూలివాని బిడ్డ తట్ట మోయుటతో నాగక, ఆ పరీక్షను నడపు శాస్త్రజ్ఞుడు గావలెను. అంతవరకు రాయి మనదన్న గర్వము వట్టిమాటయే.