ఉద్యోగం మారుతున్నారా? ఓవర్‌డ్రాఫ్టు పెంచమని అడిగే ముందు ఒక్కమాట!

పాత ఉద్యోగంలో చివరి జీతం అందాక, కొత్త ఉద్యోగంలో మొదటి జీతం చేతికొచ్చేదాకా ఇల్లు ఎలా నడుస్తుందో నడిపే ఇల్లాలికే తెలుసు. పాలబాకీ ఆగదు, కరెంటు బిల్లు ఆగదు. జూన్ నెలైతే పిల్లల ఫీజులు, పుస్తకాలు ముందే తయారు. కొత్త చోట జీతం ఎక్కువేనని సంతోషపడేలోపే, ఆ జీతం రావడానికి ఇంకా నలభై రోజులుందని గుర్తొస్తుంది.

దుత్తలూరు, ఉదయగిరి, వింజమూరు, కలిగిరి లాంటి మెట్ట మండలాల్లో ఈ ఇబ్బంది ఇంకో రెండు పాళ్లు ఎక్కువ. వానను నమ్ముకున్న సేద్యం కాబట్టి ఇంట్లో ఒకరి నెల జీతమే కుటుంబానికి ఆధారం. ఉద్యోగం మారడమంటే చాలామందికి ఊరు కూడా మారడమే. ఆత్మకూరులోనో నెల్లూరులోనో గది చూసుకోవాలి, అడ్వాన్సు కట్టాలి, నాలుగు గిన్నెలైనా కొనుక్కోవాలి.

అప్పుడు గుర్తొచ్చేది జీతం ఖాతా మీద బ్యాంకు ఇచ్చిన ఓవర్‌డ్రాఫ్టు. "ఉన్న లిమిట్ చాలదు, కాస్త పెంచమని అడుగుదామా? ఉద్యోగం మారుతున్న సంగతి చెబితే ఇవ్వరేమో! చెప్పకుండా అడిగితే?" అని ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి. అడగొచ్చు. అయితే ఎంత అడగాలో, ఎప్పుడు అడగాలో, ఏం చూపించి అడగాలో తెలిసి అడగాలి.

వడ్డీ ఎలా పడుతుంది?

ఖాతాలో మన డబ్బు అయిపోయాక కూడా, బ్యాంకు ఒప్పుకున్న హద్దు దాకా తీసుకోనివ్వడమే ఓవర్‌డ్రాఫ్టు. హద్దు 15,000 రూపాయలున్నా మీరు వాడింది 4,000 అయితే 4,000కే వడ్డీ. అదీ వాడుకున్నన్ని రోజులకే. నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీ అనుకుంటే, 4,000 రూపాయలు పదిరోజులు వాడితే పడేది దాదాపు 13 రూపాయలు. జీతం పడగానే బాకీ తగ్గుతుంది, దాంతోపాటే వడ్డీ కూడా.

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో కాక రూపాయల్లో చెప్పుకుంటాం కదా! ఏడాదికి 12 శాతం అంటే నెలకు నూటికి రూపాయి వడ్డీ. రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. అయిదు రూపాయల వడ్డీ అంటే అక్షరాలా 60 శాతం. బ్యాంకువారు చెప్పే శాతాన్ని పన్నెండుతో భాగించి చూసుకోండి, బయట అప్పుతో పోల్చుకోవడం తేలికవుతుంది.

అయితే ఓవర్‌డ్రాఫ్టు అనేది బ్యాంకు ఎప్పుడడిగితే అప్పుడు తీర్చాల్సిన బాకీ. జీతం మీద ఇచ్చిన లిమిట్‌ను, జీతం రావడం ఆగిపోతే బ్యాంకు తగ్గించవచ్చు, తీసేయనూ వచ్చు. కాబట్టి అది మన సొమ్ము కాదన్న సంగతి ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

మెట్ట ఆడవాళ్ల పద్ధతి

బ్యాంకు దగ్గర లిమిట్ పెంచుకోవడం ఎలాగో నేర్చుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. దుత్తలూరుకు దగ్గర్లోనే, కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. అక్షరదీపం వెలుగులో చదువుకున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడిన ఊరు అది. 1992లో అక్కడ రాజుకున్న ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారా కొట్టుకు పోయే డబ్బులో రోజుకొక రూపాయి దాచుకుందామంటూ ఈ జిల్లాలోనే పొదుపులక్ష్మి మొదలైంది.

ఆ సంఘాల ఆడవాళ్లు తర్వాత బ్యాంకుల మెట్లెక్కారు. చేతిలో జీతం చీటీ లేదు, తనఖా పెట్టడానికి ఆస్తి లేదు. మరి ఏం చూపించారు? పుస్తకాలు! క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే ఇచ్చిపుచ్చుకున్న అప్పులు, వేళకు తిరిగి చెల్లింపు, సరిగా రాసిన లెక్కలు. ఈ అయిదింటినీ పంచసూత్రాలంటారు. వీటిని చూసే బ్యాంకు సంఘానికి ఎంత ఇవ్వవచ్చో తేల్చుకుంటుంది.

సంఘాలకిచ్చే క్యాష్ క్రెడిట్ కూడా ఓవర్‌డ్రాఫ్టుకు అక్కచెల్లెలు లాంటిదే. కావలసినప్పుడు తీసుకోవడం, చేతికొచ్చినప్పుడు కట్టడం. మూడేళ్లకు లిమిట్ ఇచ్చినా, ఏ ఏడాదికి ఎంత తీసుకోవచ్చో వేరుగా ఉంటుంది. సంఘం సక్రమంగా కడుతూపోతే ఏటా ఆ మొత్తం పెరుగుతుంది. 10 లక్షల రూపాయల దాకా సంఘాల్ని తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన.

ఈ ఆడవాళ్లూ పనులు మారినవాళ్లే. కూలి పని వదిలి గేదెలు కొన్నవారున్నారు, కుట్టుమిషను పెట్టుకున్నవారున్నారు. పని మారేటప్పుడు బ్యాంకుకు ఆ విషయం దాచలేదు. ఎందుకు మారుతున్నామో, ఎంత కావాలో, ఎలా తీరుస్తామో తీర్మానం రాసి, సంతకాలు పెట్టి మరీ అడిగారు. నెల జీతం తీసుకునేవారికి కూడా ఇంతకన్నా మంచి దారి లేదు.

ఎంత అడగాలి? ఒక లెక్క

ఒక చిన్న కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇల్లాలికి ఒక ప్రైవేటు సంస్థలో నెలకు 18,000 జీతం. జూన్ 15న మానేసి, జూలై 1న 24,000 జీతానికి ఇంకో ఊళ్లో చేరుతోంది. మే నెల జీతంతో జూన్ గడిచింది. ఆ తర్వాతి లెక్క ఇలా వేసుకోవాలి.

జూలై ఇంటిఖర్చు 15,000. పాత చోట నుంచి సగం నెల జీతం 9,000 వస్తుంది. తక్కువపడేది 6,000.
పిల్లల ఫీజు, పుస్తకాలు 10,000.
కొత్త ఊళ్లో గది అడ్వాన్సు, సామాను 12,000.
మొత్తం 28,000.

ఇప్పుడున్న లిమిట్ 15,000. కాబట్టి 30,000కు పెంచమంటే సరిపోతుంది. "ఎలాగూ అడుగుతున్నాం కదా, లక్ష అడుగుదాం" అనుకోకండి. చేతికందేలా ఉంటే ఖర్చు దానంతటదే పెరుగుతుంది. లెక్క చూపించలేని మొత్తం అడిగితే బ్యాంకువారికీ అనుమానమే.

ఇక తీర్చడం. కొత్త జీతం 24,000లో ఇంటికి 15,000, గది అద్దెకూ రాకపోకలకూ అదనంగా 2,000 పోతే నెలకు 7,000 మిగులుతుంది. జూలై చివరి నుంచి అక్టోబరు చివరి దాకా నాలుగు జీతాలకు అసలు 28,000 తీరిపోతుంది. 12 శాతం చొప్పున వడ్డీ మొత్తం 800 దాటదు, దాన్ని నవంబరులో కట్టేయవచ్చు. ఇదే 28,000 బయట అయిదు రూపాయల వడ్డీకి తెస్తే ఒక్క నెల వడ్డీయే 1,400!

ఎప్పుడు అడగాలి?

రాజీనామా ఇచ్చేసి, కొత్త చోట కాగితం ఇంకా చేతికి రాకముందు అడగడం అన్నిటికన్నా కష్టం. అప్పుడు బ్యాంకుకు చూపించడానికి పాత జీతమూ లేదు, కొత్త జీతమూ లేదు. నియామకపత్రం చేతికి వచ్చాక, పాత చోట ఇంకా పనిచేస్తుండగానే వెళ్లడం మంచిది. కొందరు మేనేజర్లు కొత్త చోట రెండు మూడు జీతాలు పడ్డాక రమ్మంటారు. ఆ మాట కూడా ముందే తెలిస్తే వేరే దారి చూసుకోవచ్చు.

పాత జీతం చీటీలు మాత్రం చూపించి, మారుతున్న సంగతి దాచిపెట్టి లిమిట్ పెంచుకుంటే? దరఖాస్తులో ఉద్యోగ వివరాలు నిజమేనని మనం సంతకం పెడతాం. వచ్చే నెల జీతం పడకపోతే ఆ సంగతి ఖాతాలోనే బయటపడుతుంది. ఆ తర్వాత మన మాటకు విలువ ఉండదు.

వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, ఆరు నెలల జీతం చీటీలు, ఖాతా స్టేట్‌మెంటు, నియామకపత్రం పట్టుకెళ్లండి. మీ క్రెడిట్ స్కోరు నివేదికను ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలి. ముందే తెప్పించుకుని, తప్పులుంటే దిద్దించుకోండి. ఒకేసారి నాలుగైదు బ్యాంకుల్లో దరఖాస్తులు పడేస్తే స్కోరు తగ్గే ప్రమాదం ఉంది.

అర్జీ పెద్దగా అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"మేనేజరు గారికి, నా జీతం ఖాతాపై 15,000 రూపాయల ఓవర్‌డ్రాఫ్టు ఉన్నది. నేను జూన్ 15న ప్రస్తుత ఉద్యోగం మాని, జూలై 1న కొత్త ఉద్యోగంలో చేరుచున్నాను. నియామకపత్రం జతపరిచాను. మధ్యకాలపు ఖర్చుల నిమిత్తం లిమిట్‌ను 30,000కు పెంచవలసిందిగా కోరుచున్నాను. జూలై జీతం నుంచి నెలకు 7,000 చొప్పున తగ్గించుకుంటూ నవంబరు నెలాఖరుకు బాకీ పూర్తిగా తీర్చగలను. లెక్క కాగితం జతపరిచాను."

పెంచితే ప్రాసెసింగ్ ఫీజు ఎంత, వడ్డీ ఎంత, ఎన్నాళ్లకొకసారి లిమిట్ రెన్యువల్ చేయించాలి అన్న మూడూ అక్కడే అడిగి రాసుకోండి.

తొంభై రోజుల గండం

చాలామంది ఇబ్బందిపడేది ఇక్కడే. కొత్త సంస్థవారు తమ బ్యాంకులో ఖాతా తెరవమంటారు. జీతం అందులో పడుతుంది. పాత ఖాతాలో ఓవర్‌డ్రాఫ్టు బాకీ అలాగే ఉండిపోతుంది. "ఉంటే ఉందిలే, తర్వాత కడదాం" అనుకుంటాం. ఖాతాలో 90 రోజులపాటు ఏమీ జమకాకపోయినా, జమయింది వడ్డీకి చాలకపోయినా, బాకీ 90 రోజులు వరుసగా లిమిట్ దాటి ఉన్నా దాన్ని మొండిబాకీగా లెక్కించాలన్నది బ్యాంకుల నియమం. రేపు ఇంటి అప్పుకో పిల్లల చదువు అప్పుకో వెళితే ఆ మచ్చ అడ్డుపడుతుంది. అందుకే కొత్త ఖాతా నుంచి పాత ఖాతాకు ప్రతినెలా దానంతటదే డబ్బు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ మొదటిరోజే ఇచ్చేయండి.

మన ప్రాంతంలో గ్రామీణ బ్యాంకు ఖాతాలున్నవారికి ఇంకో సంగతి. ఒకప్పటి పినాకిని గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రగతిలో కలిసింది. 2025 మే 1 నుంచి అది కూడా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. కొత్త సంస్థకు ఖాతా వివరాలిచ్చే ముందు, శాఖలో అడిగి సరైన ఐఎఫ్ఎస్‌సి కోడ్ రాసుకోండి. అంకె తప్పితే జీతం ఆలస్యం!

లిమిట్ పెంచకపోతే?

ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దాన్ని విరగ్గొట్టకండి. దాని మీదే ఓవర్‌డ్రాఫ్టు ఇస్తారు. మామూలుగా డిపాజిట్‌లో 90 శాతం దాకా వస్తుంది. వడ్డీ డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతాలే ఎక్కువ. దీనికి ఉద్యోగంతో పని లేదు.

జన్‌ధన్ ఖాతా సక్రమంగా నడుస్తుంటే ఓవర్‌డ్రాఫ్టు అడగవచ్చు. 2018లో దాని లిమిట్‌ను 5,000 నుంచి 10,000కు పెంచారు. ఇంటికి ఒకరికే ఇస్తారు, అందులోనూ ఆడవారికే ముందు. పొదుపు సంఘం సభ్యురాలికి జన్‌ధన్ ఖాతా ఉంటే 5,000 ఓవర్‌డ్రాఫ్టు ఇస్తామని 2019 బడ్జెట్‌లో ప్రకటించారు. మొత్తం చిన్నదే గానీ, ఫీజు గడువు రోజున అదే ఆదుకోవచ్చు.

పాత చోట రావలసింది గట్టిగా అడిగి తెచ్చుకోండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. ప్రావిడెంట్ ఫండ్‌ను మాత్రం తొందరపడి తీసేయక, అదే యూఏఎన్ నంబరు మీద కొత్త చోటికి మార్పించుకోవడం మేలు.

సంఘంలో మరొకరి పేరున అప్పు తీయించి మీరు వాడుకోవడం మాత్రం వద్దు. మీ జీతం ఒక్క నెల ఆలస్యమైతే దెబ్బ తగిలేది పదిమంది ఏళ్లతరబడి రాసుకున్న పుస్తకానికి. నిమిషంలో అప్పంటూ ఫోనులో ఊరించే యాప్‌ల జోలికీ పోవద్దు.

అనుకున్నట్టే నవంబరుకు బాకీ తీరిందా? సంతోషం! అయితే ఇంకో పని మిగిలింది. బ్యాంకుకు వెళ్లి లిమిట్‌ను మళ్లీ 15,000కు తగ్గించమని అర్జీ ఇవ్వండి. నెలకు మిగిలే ఆ 7,000కు డిసెంబరు నుంచి రికరింగ్ డిపాజిట్ కట్టండి. నాలుగు నెలలకే 28,000 జమవుతుంది. ఈసారి ఉద్యోగం మారాల్సివస్తే, ఆ గడ్డు నెల మీ సొంత డబ్బుతోనే గడిచిపోతుంది.