జరిగాక దొరికే జోస్యం

వాన మొహం చాటేస్తే... ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’. వరదొచ్చి చెరువు తెగితే... మళ్లీ అదే మాట! కరవుసీమ అనంతపురంలో ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా కాలజ్ఞానం ప్రస్తావన రాకుండా ఉండదు. ఇంతకీ ఆ మాటల్లో అన్ని అర్థాలు ఎలా దొరుకుతున్నాయి?

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో కాలజ్ఞానం రాసి ఆ తాళపత్రాలను పాతిపెట్టారనీ, అక్కడే చింతచెట్టు మొలిచిందనీ భక్తుల నమ్మకం. మనదాకా వచ్చింది మాత్రం శిష్యుల నోట, తత్వాలుగా, రకరకాల అచ్చుప్రతులుగా. ఒకదాంట్లో ఉన్న మాట మరోదాంట్లో ఉండదు. వెతికేవారికి అదే వరం!

కోరంకి... కరోనా!

2020లో ‘కోరంకి’ అన్న ఒక్క మాట ఫోన్లలో ఊరూరా తిరిగింది. అక్షరాలు కాస్త అటూఇటూ చేస్తే కరోనాయే కదా అన్నారు. కోరంకి కాకినాడ దగ్గరి పాత రేవు పేరు కూడా. ఫ్రాన్సులోనూ ఇదే కథ. 1555లో అచ్చయిన నోస్ట్రడామస్ పద్యాల్లోని ‘హిస్టర్’ను హిట్లర్ అన్నారు. నిజానికది డాన్యూబ్ నది పాత పేరు. పౌ, నే, లోరోన్ అనే మూడు ఊళ్ల పేర్లను కలిపి, అక్షరాలు తారుమారు చేసి నెపోలియన్‌నీ పుట్టించారు!

మన సంవత్సరాల పేర్లు ఇంకో వెసులుబాటు. 2020 ఉగాదికి వచ్చింది శార్వరి. 1960లోనూ శార్వరే. సంవత్సరం పేరుతో చెప్పిన జోస్యం ఒకసారి తప్పినా, అరవై ఏళ్లకు మళ్లీ అవకాశం వస్తుంది.

గుట్టు ఉన్నచోటా ఉంది

అలాగని పద్యాల్లో రహస్యాలే ఉండవా అంటే... ఎందుకుండవు! పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణమూ అవుతుంది, భారతమూ అవుతుంది. కానీ ఆ రెండో అర్థాన్ని కవే దాచాడు. పదం ఎక్కడ విరవాలో తెలిస్తే ఎవరికైనా అదే దొరుకుతుంది. జోస్యంలో అలా కాదు... వెతికేవాడి మనసులో ఏముంటే అదే దొరుకుతుంది. కదిరికి దగ్గర్లోని కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఆయన పద్యాల్లో బంగారం చేసే విద్య దాగుందని నమ్మి వెతికినవాళ్లకూ కొదవలేదు. ఆ పద్యాలు ఆశను తిట్టిపోసినవన్న సంగతి వాళ్లకు గుర్తు రాలేదేమో!

పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని అడ్డుకోబట్టీ, తూర్పు తీరం దూరం కాబట్టీ అనంతపురానికి వాన తక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. ఇది శాపమూ కాదు, రాసిపెట్టిందీ కాదు. ‘అంతా ముందే రాసుంది’ అనుకుంటే కుంట తవ్వే చెయ్యి ఆగిపోతుంది.

తత్వాలు పాడుకుందాం. కులాల గోడలు కూల్చి దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేరదీసిన బ్రహ్మంగారిని తలచుకుందాం. కానీ ఎవరైనా పద్యం విప్పి చూపితే ఒక్కమాట అడగండి... ‘ఇది జరగకముందు ఎందుకు చెప్పలేదు?’ అని. పంట ఎండాక దొరికే అర్థం, వేరుశనగ విత్తేనాటికి రైతుకెందుకు పనికొస్తుంది?